ముగ్గురూ కలిసి వచ్చిన సాయంత్రం

కామాటిపుర చాళ్లలో, ఆ ఇరుకు గదుల వరసల్లో, వానాకాలపు సాయంత్రాలన్నీ ఒకేలా ఉంటాయి. గటరు పొంగుతుంది, కరెంటు పోతుంది, వరండాలో ఆరని బట్టలు ముక్కిపోతాయి. రాజలింగం తన గది బయట స్టూలు మీద కూర్చున్నాడు. తలుపుకు బయటినుంచి గొళ్ళెం వేసి ఉంది. లోపల కూతురు నీత.

మొగుడు పోయాక పిల్లకు మతి చెడింది. తిండి మానేసింది. ఫోరస్ రోడ్డులో బస్సుకు అడ్డం పోయింది. ఆసుపత్రిలో చేర్చుకొమ్మని రాజలింగం మొక్కని కాళ్ళు లేవు. డాక్టరు చూడనిదే ముట్టమన్నారు పోలీసులు. పోలీసులు తోడు లేనిదే ఇంటికి రామన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆ ఇద్దరూ లేనిదే బండి ఎక్కించనన్నాడు అంబులెన్సు డ్రైవరు. ఒకరొచ్చిన రోజు ఇంకొకరు రారు. ఉన్నోళ్ళ పిల్లయితే ముగ్గురూ ఉరుక్కుంటూ వచ్చేవాళ్ళే. ముగ్గురూ కుదిరేదాకా పిల్లను గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యమని హవల్దారు సలహా ఇచ్చాడు. రాజలింగం వేశాడు. తలుపు కింది సందులోంచి అన్నం కంచం తోసేవాడు. కాసేపటికి అది కడిగిన తడితో, ఖాళీగా బయటికి వచ్చేది. బిడ్డ తింటోంది... అదొక్కటే ఆయనకు ధైర్యం.

ఏదో కుళ్ళిన వాసన. పైపు వెనక ఎలుక చచ్చిందని పక్కగది గంగాబాయి ఫినాయిలు పోసింది.

ఆ సాయంత్రం ముగ్గురూ కలిసే వచ్చారు. లోపల కత్తిపీట ఉందని హవల్దారు తలుపు తీయనివ్వలేదు. డాక్టరమ్మ రుతుజ తలుపు దగ్గర వంగి, నీ పేరేంటి, ఇది ఏ నెల, బయట ఎవరున్నారు అని మరాఠీలో అడిగింది. అన్నిటికీ మరాఠీలోనే తడబడకుండా జవాబొచ్చింది. చివరి మాట మాత్రం తెలుగులో, తండ్రికి.

"బాపూ, ముగ్గురు ఒక్కసారే వచ్చిండ్రా? ఏం పండుగ ఇయ్యాల?"

రాజలింగం అది తిప్పి చెబితే వచ్చినవాళ్ళు నవ్వారు. తెలివిగానే ఉంది, బలవంతంగా చేర్చే పనిలేదు అంది డాక్టరమ్మ.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. గొళ్ళెం తీశాడు.

ముందు వాసన వచ్చింది. తర్వాత టార్చి వెలుగు... గోడ... చాప. చాప మీద నీత. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటినిండా చీమలు.

ఇది నిన్నటి చావు కాదంది డాక్టరమ్మ. వీపుకంటుకున్న కడుపు చూసి, చాన్నాళ్ళుగా మెతుకు తిన్న మనిషి కాదంది.

మరి మాట్లాడింది ఎవరని ఎవరూ అడగలేదు. శవం ఎవరి పని అన్న దగ్గరే వాదన మొదలైంది. పంచనామా కాందే తాకనంది డాక్టరమ్మ. దానికి పెద్దసారు రావాలన్నాడు హవల్దారు. శవాన్ని తన బండి ఎక్కించనన్నాడు డ్రైవరు. రేపు కలిసి వస్తామని మెట్లు దిగిపోయారు. పోతూ పోతూ హవల్దారే గొళ్ళెం వేశాడు. తీయొద్దన్నాడు.

వాన ఆగింది.

లోపల... నీళ్ళ చప్పుడు. గిన్నె తోముతున్నట్టు.

తలుపు కిందినుంచి పొద్దున తోసిన కంచం మెల్లగా జారి వచ్చింది. తడిగా ఉంది.

"పోయిండ్రా, బాపూ?"

దాని వెనకే ఇంకో కంచం జారింది. పాత సత్తు కంచం, అంచంతా సొట్టలు. అది రాజలింగం ఇంటిది కాదు. ఇన్నాళ్ళూ ఆయన పెట్టిన అన్నం తిన్నవాళ్ళెవరిదో.