తొట్టి దగ్గర కాపలా

మంచు పడడం ఆగింది. జిపార్ గోడ మీది తివాచీ అంచు పైకెత్తి, దాని వెనక మేకుకు వేలాడుతున్న ఇంటర్నెట్ పెట్టెను తిప్పి తిప్పి చూస్తోంది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుంది. ఫోన్‌లో ఉన్నది మొగుడు ఎర్మెక్. మాస్కోలో ఒక గోదాములో రాత్రిపూట మూటలు ఎత్తే పని అతనిది.

“పాస్‌వర్డ్ పెట్టె అడుగున ఉంటుందే. పైన కాదు, అడుగున.”

“అడుగున బూజుంది. నీ పాస్‌వర్డ్ సాలీడు మింగినట్టుంది.”

“ఊది చూడు.”

“ఊదితే దుమ్మంతా పిల్ల మీద పడుతుంది. మాస్కో నుంచి వచ్చి నువ్వే ఊదు.”

ఎర్మెక్ నవ్వాడు. అతనికి ఇలా తిట్లు తింటుంటేనే ఇంట్లో ఉన్నట్టుంటుంది.

కెమెరాను అతనే కొచ్కోర్ బజారులో తెలిసినవాళ్ళకు చెప్పి కొనిపించాడు. వ్యాను డ్రైవరు పొద్దున గేటు దగ్గర ఇచ్చి వెళ్ళాడు. తెల్లటి గుండ్రటి తల, దానికి ఒకే ఒక నల్ల కన్ను. కాళ్ళూ చేతులూ లేవు గానీ తల మాత్రం నాలుగు వైపులా తిరుగుతుంది. గదిలో ఎవరు కదిలితే వాళ్ళ వెంటే తిరుగుతుంది.

దాని అవసరం ఊరికే రాలేదు. పుట్టిన బిడ్డను నలభై రోజులు వెళ్ళేదాకా గదిలో ఒంటరిగా వదలకూడదు. పక్కన మనిషి ఉండాలి, చీకటి పడ్డాక దీపం ఉండాలి. మొన్నటిదాకా అత్త బుర్మాకన్ ఉండేది. నీళ్ళ పంపు దగ్గర గడ్డకట్టిన మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుని ఆమె ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. వాగు అవతలి ఇంటివాళ్ళు ఎవరో పోయారని అత్-బాషీ ఊరు వెళ్ళారు. ఇక మిగిలింది జిపార్, పసిపిల్ల ఉమూత్, కొట్టంలో ఒక ఆవు. ఆవుకు ఈ నలభై రోజుల సంగతి తెలియదు. పొద్దు వాలేసరికి పొదుగు బరువెక్కి అరుస్తుంది.

“పిల్ల మీద ఎప్పుడూ ఒక మనిషి కన్ను ఉండాలనేగా అంటారు? ఆ కన్ను గదిలోనే ఉండాలని ఎవరన్నారు?” అన్నాడు ఎర్మెక్. “నువ్వు పాలు పితికొచ్చేదాకా నేను ఇక్కడ పడుకుని చూస్తుంటా.”

ఈ మాట విని బుర్మాకన్ ఆసుపత్రి మంచం మీదనుంచే మండిపడింది.

“ఆ గుడ్డుకు ఊపిరుందా? ఒంట్లో వేడుందా? చూడడం వేరు, ఉండడం వేరు పిల్లా. ఆవును అరవనీ.”

“అరిచి అరిచి పొదుగు గడ్డకడితే పాలు మీరిస్తారా అత్తమ్మా?”

“నీ నోరుందే... ఆ నోటితో ఎవర్నీ బతకనివ్వవు.”

జిపార్ నోటికి ఆ ఇంట్లోనే కాదు, ఊళ్ళో కూడా పేరుంది. అయితే రెండేళ్ళ కిందట ఆ నోరు కొన్నాళ్ళు మూతపడింది. మొదటి బిడ్డ నలభై రోజులు నిండకుండానే పోయింది. ఊపిరితిత్తుల జబ్బని డాక్టర్లు అన్నారు. అల్బార్‌స్తీ దయ్యం వచ్చిందని బుర్మాకన్ అంది. ఎండుగడ్డి రంగు జుట్టు విరబోసుకుని బాలింతల ఇళ్ళు వెతుక్కుంటూ తిరుగుతుందట, బిడ్డ ఊపిరి పట్టుకుపోతుందట. జిపార్ ఆ మాట నమ్మలేదు. నమ్మకపోయినా, ఉమూత్ పుట్టిన రోజున పిల్లను గుండెకు హత్తుకుని, “ఈసారి ఎవరొచ్చినా సరే, ఇవ్వను” అని పైకే అంది. మంత్రసాని ఆమెకేసి వింతగా చూసింది.

పాస్‌వర్డ్ దొరికింది గానీ కెమెరా లొంగలేదు. ఎర్ర దీపం మిణుకుమని ఆరిపోయింది. మళ్ళీ మొదటికొచ్చారు. మళ్ళీ ఆరిపోయింది.

“పెట్టెలో రెండు నెట్‌వర్కులు ఉంటాయి, పాతదాంట్లో పెట్టు,” అన్నాడు ఎర్మెక్. “ఇప్పుడు నీ ఫోన్‌లో గళ్ళ బొమ్మ వచ్చిందా? దాన్ని కెమెరా కంటికి చూపించు. ఇంకా దగ్గరగా. అంత దగ్గరగా కాదే తల్లీ!”

“ఇది నాకు ఆడపడుచులా ఉంది. ఎలా చూపించినా నచ్చదు.”

చివరికి దీపం ఆకుపచ్చగా వెలిగింది. లోపలినుంచి ఒక ఆడగొంతు రష్యన్‌లో మెత్తగా పలికింది.

“ఇంటి నెట్‌వర్క్ దొరికింది.”

తెల్ల తల ఒకసారి గదంతా తిరిగి చూసి, గోడవారగా ఉన్న కొయ్యతొట్టి దగ్గర ఆగింది. మాస్కోలో ఎర్మెక్ ఊపిరి బిగబట్టడం జిపార్‌కు వినిపించింది. “అబ్బ... నిద్రపోతోంది. ముక్కు నాదే కదూ?” అన్నాడు.

“నీది కాదు. అందుకే బాగుంది.”

పొద్దు వాలింది. ఆవు అరవడం మొదలుపెట్టింది. జిపార్ పొయ్యిలో రెండు పిడకలు వేసి, దీపం పెట్టి, తలకు శాలువా బిగించి చుట్టుకుంది. “చూస్తున్నావా?” అని కెమెరాను అడిగింది. “చూస్తున్నా, వెళ్ళిరా” అంది కెమెరా ఎర్మెక్ గొంతుతో. ఆమె బకెట్ తీసుకుని బయటికి నడిచింది.

కొట్టంలో ఆవు ఊపిరి పొగలా లేస్తోంది. తడిసిన గడ్డి వాసన, పేడ వాసన, వెచ్చటి పాల వాసన. బకెట్ అడుగున పాలధార మొదట గట్టిగా చప్పుడు చేసి, పాలు నిండేకొద్దీ మెత్తబడింది. బయట గాలి లేదు. కుక్కల మొరుగుడు కూడా లేదు. అంత నిశ్శబ్దంగా ఉంటే పని త్వరగా తెములుతుందని జిపార్ అనుకుంది.

ఉన్నట్టుండి ధార ఆగిపోయింది. పొదుగులో ఇంకా పాలున్నాయి, కానీ ఆవు చేపడం మానేసింది. చెవులు రెండూ నిక్కించి ఇంటివైపు చూస్తోంది. జిపార్ దాని వీపు నిమిరింది. చర్మం కింద వణుకు తగిలింది.

కొట్టంలోకి ఫోన్‌కు నెట్ అందదు. బకెట్ పట్టుకుని వాకిట్లోకి రాగానే ఎర్మెక్ పంపిన సందేశాలు ఒకదాని వెంట ఒకటి మోగాయి.

మొదటిది: “అప్పుడే వచ్చేశావా? ఆవు తన్నిందా?”

తరవాతిది: “పిలిస్తే పలకవేం? ఊరికే తలూపితే సరిపోతుందా?”

చివరిది: “సరే, నువ్వున్నావుగా, నేను బజారు దాకా వెళ్ళొస్తా. ఆ తడిజుట్టుతో పిల్ల మీద వంగకు. జలుబు చేస్తుంది.”

జిపార్ తల మీది శాలువాను తడిమి చూసుకుంది. బిగించిన ముడి బిగించినట్టే ఉంది.

బకెట్ ఎక్కడ పడిందో తెలియదు. ఆమె పరిగెత్తింది. వాకిట్లో కొత్త మంచు మీద అడుగులు ఒక్క వరసే ఉన్నాయి... ఇంట్లోంచి కొట్టం వైపు. అవి ఆమెవే. ఇంటివైపు వచ్చిన అడుగు ఒక్కటీ లేదు.

తలుపు తోసింది.

దీపం వెలుగుతోంది. పొయ్యిలో నిప్పు ఉంది. అయినా గది చల్లగా ఉంది. తడిసిన ఉన్ని కంపు, చాలాకాలం మూసి ఉంచిన నేలమాళిగ కంపు. గదిలో ఎవరూ లేరు. తొట్టి మీద కప్పిన గుడ్డ కదలడం లేదు. పిల్ల చప్పుడు లేదు.

జిపార్ ఒక అడుగు వేసింది. ఎవరు కదిలితే వాళ్ళవైపు తిరిగే కెమెరా ఆమెవైపు తిరగలేదు. కన్ను తొట్టి మీదే ఉంది...

ఫోన్‌లో కెమెరా బొమ్మ తెరిచింది. తెర మీద గది కనిపించింది. పక్కగా, గుమ్మం దగ్గర తను కనిపించింది. తొట్టి దగ్గర ఇంకొకరు ఉన్నారు.

మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వీపు మాత్రమే కనిపిస్తోంది. నేల దాకా జారిన జుట్టు, నీళ్ళోడుతున్న ఎండుగడ్డిలా ఉంది. ఒక చెయ్యి తొట్టిని మెల్లగా ఊపుతోంది. రెండో చెయ్యి గుడ్డ కింద ఉంది.

జిపార్ తెర మీంచి కళ్ళెత్తింది. గదిలో ఎవరూ లేరు. తొట్టి మాత్రం ఊగుతోంది.

కాళ్ళు వెనక్కి పొమ్మన్నాయి. ఏడుపు గుండెలోంచి పైకి వచ్చింది, రెండేళ్ళ కిందటి ఏడుపే. ఆ ఏడుపు రుచి తెలిసి రాగానే జిపార్‌కు ఒళ్ళు మండిపోయింది. అంత కోపం ఆమెకు జన్మలో రాలేదు.

“ఒసేయ్,” అంది.

తెర మీద తొట్టి ఊపుతున్న చెయ్యి ఆగింది. గదిలో తొట్టి ఆగింది.

“నిన్నే. ఎవరింటికొచ్చి ఎవరి తొట్టి ఊపుతున్నావే? పిలిచానా నిన్ను? పేరంటమా ఇది? తల దువ్వుకోవడం చేతకాదు గానీ పిల్లల్ని సాకడానికి వచ్చింది మహాతల్లి!”

తెర మీద తల మెల్లగా ఇటు తిరిగింది. ఇటువైపు కూడా జుట్టే ఉంది. ముఖం లేదు...

“చూడు. బాగా చూడు. అప్పుడు వచ్చింది నువ్వేనా? నేనప్పుడు ఏడ్చాను. నా ఏడుపు నీకు రుచిగా ఉందేమో, మళ్ళీ వచ్చావు. ఈసారి ఏడవను. నీ జుట్టు పట్టుకుని ఊరంతా ఈడుస్తాను. నవమాసాలు నేను మోశాను, నొప్పులు నేను పడ్డాను, ముద్దు చేయడానికి నువ్వొచ్చావా దిక్కుమాలినదానా? తియ్! చెయ్యి తియ్ అక్కణ్ణుంచి!”

తిడుతూనే నడిచింది. నడుస్తూనే తిట్టింది. తొట్టి దగ్గరికి వచ్చేసరికి మోచేతుల దాకా వాగునీళ్ళలో ముంచినంత చలి. చేతులు కొయ్యబారాయి. అయినా గుడ్డ లాగి పారేసి, తొట్టికి బిగించిన కట్లు తెంచి, పిల్లను బయటికి లాగింది. ఉమూత్ పెదవులు నీలంగా ఉన్నాయి. జిపార్ వీపు మీద ఒక్కటి చరిచింది. ఇంకొకటి చరిచింది.

పిల్ల ఏడ్చింది. ఇల్లు దద్దరిల్లేట్టు, తల్లి నోరే వచ్చిందని ఎవరైనా చెప్పగలిగేట్టు ఏడ్చింది.

తొట్టి పక్కన పడేసిన ఫోన్ తెర మీద అది లేచి నిలబడింది. ఆమెవైపు రాలేదు. తిన్నగా కెమెరా వైపు నడిచింది. దగ్గరికి... ఇంకా దగ్గరికి... తెరంతా జుట్టే అయిపోయింది. తరవాత నల్లబడింది.

మళ్ళీ బొమ్మ వచ్చేసరికి గదిలో ఉన్నది ఆమె, పిల్ల. కెమెరా తల బుద్ధిగా ఆమెవైపు తిరిగింది. పొయ్యి వేడి ఒంటికి తగిలింది.

జిపార్ గోడకు ఆనుకుని కూలబడి, పిల్లకు పాలిచ్చి, అత్తకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

“తిట్టావా?” అంది బుర్మాకన్.

“నాకు వచ్చినవన్నీ తిట్టాను అత్తమ్మా.”

“నా బంగారు తల్లీ! నీ నోరు చల్లగుండ. దాన్ని తరమడానికి అంతకంటే మందు లేదు. ఎటు పోయింది?”

“అంటే?”

“తలుపులోంచా, పొగగొట్టంలోంచా? ఏదో దారిన పోవాలి కదా. దారి చూసుకోవాలి పిల్లా. అది పోయిన చోటికి పోయి ఊరుకోదు.”

జిపార్ తలుపు వంక చూసింది. గుమ్మం మీది మంచులో తన అడుగులే ఉన్నాయి. పొయ్యి మండుతోంది. “కెమెరా దగ్గరికి వెళ్ళింది,” అంది నెమ్మదిగా. “ఆ తరవాత లేదు.”

“దానికి అవతల ఎవరుంటారు?”

జిపార్ కెమెరా నల్ల కన్ను వైపు చూసింది. తుంటి విరిగినప్పుడు కూడా ఏడవని బుర్మాకన్ ఏడుపు అందుకుంది. “ఫోన్ చెయ్యి. నా కొడుక్కి ఫోన్ చెయ్యి!”

మూడుసార్లు చేసినా ఎత్తలేదు. నాలుగోసారి ఎర్మెక్ తెర మీదికి వచ్చాడు. హాస్టల్ మెట్లెక్కుతూ రొప్పుతున్నాడు. చేతిలో రొట్టెల సంచి ఉంది. ముఖమంతా నవ్వే.

“ఇదిగో విను, నవ్వుతావు. గేటు దగ్గరుండే ముసలావిడ నన్ను పట్టుకుంది. మగాళ్ళ హాస్టల్లోకి ఆడదాన్ని తీసుకుపోతున్నావేంటని ఒకటే గోల. ఏ ఆడదవ్వా అంటే, నీ వెనక తలారబోసుకుని నిలబడింది కదరా అంటుంది! కళ్ళజోడు మార్చుకో అవ్వా అని చెప్పి వచ్చా.”

జిపార్ నవ్వలేదు.

“ఎర్మెక్, ఫోన్ పెట్టేయకు. గదిలోకి వెళ్ళు. గదంతా కనబడేట్టు గోడకు ఆనించి పెట్టు.”

“ఏంటే, ఇప్పుడు నాకు కాపలానా?”

“అవును. నేను చూస్తుంటా. నువ్వు మాత్రం నిద్రపోకు.”

“రాత్రంతా మూటలెత్తాలి, కాసేపు నడుం వాల్చనీ తల్లీ. ఎందుకో వీపంతా ఒకటే బరువుగా ఉంది.”

ఫోన్ నిలబెట్టాడు. ఇనప మంచం, బూడిద రంగు కంబళి, గోడకు తగిలించిన కోటు కనిపించాయి. గదిలో ఇంకెవరూ లేరు. ఎర్మెక్ బూట్లు విప్పి, ఆవలించి మంచమెక్కాడు.

“ఎర్మెక్! లే! కూర్చో! నా మాట విను!”

అతని కళ్ళు అప్పటికే మూతలు పడ్డాయి. నిద్రలోకి జారుతూ అతను గోడవైపు జరిగాడు. పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలాడు.

“అబ్బా... చేతులెంత చల్లగా ఉన్నాయే జిపార్,” అన్నాడు కళ్ళు తెరవకుండానే.

జిపార్ పిల్లను భుజాన వేసుకుని లేచి నిలబడింది. ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకుని గుండెల నిండా గాలి పీల్చుకుంది.

“ఒసేయ్!” అంది.