బోర్డు మీద బొట్టు

"మీరిచ్చిన కంప్యూటర్ చచ్చిపోయింది మేడం. కొత్తది ఇయ్యండి."

హోసూరు ఎలక్ట్రానిక్స్ షాపులో రశ్మి తల ఎత్తింది. ఎదురుగా నిన్న బోర్డు కొనుక్కుపోయిన కెలమంగలం అబ్బాయి చంద్రు, వానకు తడిసి ముద్దై ఉన్నాడు. కవరులో మాత్రం అరచేతిలో పట్టే ఆ కంప్యూటర్ బోర్డు పొడిగా ఉంది.

"చచ్చిపోయేదానికి అది కోడిపిల్లనా అన్నా? కరెంటు ఇచ్చినారా?"

"ఇచ్చినాను. ఎర్ర లైటు వచ్చింది. పచ్చ లైటు రాలేదు. టీవీకి తగిలిస్తే అంతా నల్లగానే ఉంది."

"మెమరీ కార్డు?"

"మీరు సిస్టమ్ ఎక్కించి ఇచ్చిందే పెట్టినాను."

రశ్మి కార్డు లాగి, అది దూరే సందులోకి ఊదింది. ఎర్రటి పొడి ఎగిరి ఆమె ముక్కు మీదే పడింది.

"ఇదేంది?"

"కుంకుమ. కొత్త వస్తువు కదా, అమ్మ పూజ చేసింది. ఆ సందు గుడి వాకిలి మాదిరి కనిపించిందంట."

బొట్టు పెట్టనిదే మన ఇళ్ళలో కొత్త వస్తువు మీద చెయ్యి పడదు. అది తప్పని ఎలా అంటాం? దేవుడికి సరిగ్గా ఆ సందే కావాలా అని మాత్రం అడగాలనిపిస్తుంది.

రశ్మి పకపకా నవ్వింది. చంద్రు నవ్వలేదు.

"పోయిన పంటలో వేడికి పట్టుపురుగులన్నీ పోయినాయి. వేడి పెరిగితే ఇది ఫోనుకు మెసేజి పంపుతుందని కొన్నాను. ఈ పంటా పోతే షెడ్డు మూసేసి కంపెనీ పనికి పోవాల."

ఆమె నవ్వు ఆగిపోయింది. బ్రష్షుతో సందు తుడిచి కార్డు పెట్టింది. పచ్చ లైటు మిణుకుమంది.

"ఆదివారం నేనే వచ్చి సెన్సరు పెట్టిస్తాను."

"మీకెందుకు శ్రమ?"

"మీ అమ్మ దానికి పసుపు పూస్తే?"

ఆదివారం షెడ్డు గడప దగ్గర చంద్రు తల్లి లక్ష్మక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ఈడే నిలబడమ్మా. పురుగుల ఇంట్లోకి బయటివాళ్ళు రాకూడదు."

రశ్మి తుంపరలో నిలబడి, లోపలున్న చంద్రుకు కేక వేసింది. "ఎర్ర వైరు ఒకటో పిన్నుకు!"

"యాడ నుంచి ఒకటి?"

"కార్డు వైపు నుంచి!"

"కుంకుమ వైపు అనండి, తెలుస్తుంది."

"సరిగ్గా చూడన్నా!"

"అన్నా అనొద్దండి. వైరు తప్పు పిన్నుకు పోతుంది."

బయటి నుంచి ఈసారి మెల్లగా వినిపించింది. "సరిగ్గా చూడండి, చంద్రూ."

మెసేజి తన ఫోనుకూ వచ్చేటట్టు పెట్టుకుంది రశ్మి. తాను అమ్మిన బోర్డు కదా అంది. వాన వెలిసి ఎండ మండిన మధ్యాహ్నం రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. చంద్రు తోటలో మల్బరీ ఆకు కోస్తున్నాడు, ఫోను గట్టు మీద ఉంది. రశ్మి నేరుగా లక్ష్మక్కకే ఫోను చేసింది. "అమ్మా, లోపల వేడెక్కింది. కిటికీలకు తడి గోనెపట్టలు కట్టండి!"

పురుగులు బతికాయి. తెల్లటి గూళ్ళు కట్టాయి. ఆ రోజు రశ్మి ఫోనుకు ఇంకో మెసేజి వచ్చింది. అది బోర్డు పంపింది కాదు. "వేడి సరిగ్గా ఉంది. మీరు లేని లోటే ఉంది."

ఆమె తర్వాతి బస్సుకే వచ్చింది. గడప దగ్గర అలవాటుగా ఆగింది.

"కాళ్ళు కడుక్కొని లోపలికి రామ్మా," అంది లక్ష్మక్క.

"బయటివాళ్ళు రాకూడదు కదా?"

"రాకూడదు. అందుకే రమ్మంటా ఉన్నాను." లక్ష్మక్క కుంకుమ తీసి ఆమె నుదుట పెట్టింది. "ఈసారి సరైన చోటేనా?"

రశ్మి తలుపు వెనక నిలబడ్డ చంద్రు ముఖం చూసింది.

"పచ్చ లైటు వెలిగింది అత్తా."