పలుకుతోడు

"నాకు డబ్బాలు సర్దే పని చాలా ఇష్టమండీ," అంది హిమజ మెడలోని పలుకుతోడు, తియ్యటి గొంతుతో.

హిమజ నోరు ఇంకా తెరుచుకోనే లేదు.

ఆ రోజు బడిలో దారి సభ. కాలో చెయ్యో మాటో సరిగా సాగని పిల్లలు పద్దెనిమిది నిండి బడి వదిలాక ఏం పని చేస్తారు, ఎక్కడ ఉంటారు అన్నది ఆ సభలోనే తేల్చేస్తారు. హిమజకి పుట్టుకతోనే నరాల బిగుతు. ఒక్క మాట పెదవి దాటాలంటే ఎసరు మరిగేంత సేపు పడుతుంది. అందుకని ఆరో ఏటే ఈ బిళ్ళ మెడలో వేశారు. పిల్ల ఏం చెప్పబోతోందో ముందే ఊహించి అదే చెప్పేస్తుంది. టీచర్లకి ఎంత హాయో! ఇప్పుడు దేశంలో మాట తడబడే పిల్ల ఒక్కతీ లేదని గొప్పలు కూడానూ.

"బాగుంది. గోదాముకి రాసేద్దాం," అన్నాడు మార్గాధికారి కిరీటి, తెరపలక మీద వేలు పెట్టి.

హిమజ అమ్మమ్మ నూకరత్నం దిగ్గున లేచింది. "ఆగు నాయనా! తల దువ్వేటప్పుడు ఆ బిళ్ళ తీసి పక్కన పెడతాను. డబ్బాలంటే ఒళ్ళు మంట అని అప్పుడు తన నోటితో చెప్పింది. రెండు జడలూ అయ్యేసరికి గానీ ఆ ముక్క పూర్తికాలేదు."

"పన్నెండేళ్ళ మాటలు విని నేర్చుకున్న యంత్రమమ్మా. పొరబడదు."

"ఎవరి మాటలు విని? పిల్ల నోరు విప్పేలోగా అదే వాగేస్తుంది కదా! దాని మాటలు అదే విని నేర్చుకుంది. రెండో తరగతిలో ఎప్పుడో లడ్డూ డబ్బాలు వరసగా పెడితే టీచరమ్మ చప్పట్లు కొట్టింది. అంతే, అప్పట్నుంచీ ఇష్టం ఇష్టం అని ఒకటే పాట. పిల్లని అడిగారా, మీలో ఒక్కరైనా?"

"ఒక్కొక్కరి కోసం ఇలా ఆగితే సభ ఎప్పటికి తెమిలేనమ్మా? బయట ఇంకా బోలెడుమంది ఉన్నారు."

"తెమలకపోతే రేపు పెట్టుకో. దాని బతుకు నీ భోజనం వేళకి తేలిపోవాలా?"

ఆవిడే బిళ్ళ విప్పి బల్ల మీద పెట్టింది. "ఇంకేముంది, నా పచ్చళ్ళ కొట్లో నా పక్కనే కూర్చుంటానంటుంది. రాసుకో."

హిమజ మెడ వణికింది. "వి... వి..."

"విశ్రాంతా?" అందించాడు కిరీటి.

"విసుగొచ్చిందా తల్లీ?" అంది అమ్మమ్మ.

హిమజ అరచేత్తో బల్ల మీద కొట్టింది. ఇద్దరూ నోరు మూశారు. అలా ఊరుకుని కూర్చోవడం గదిలో ఎవరికీ చేతకావడం లేదు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఒక టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. చివరికి మాటలొచ్చాయి, ఒక్కొక్కటే, పిల్లకి చెమటలు పట్టిస్తూ.

"విశాఖ... అద్దకం పని... నేర్చుకుంటా. హాస్టల్లో. నువ్వు... రావద్దు."

నూకరత్నం కుర్చీలో కూలబడింది. ఆవిడ నిట్టూర్పు విందేమో, బల్ల మీది బిళ్ళ వెంటనే అందుకుంది. "ఊరికే అన్నానమ్మమ్మా. నీ దగ్గరే ఉంటాను."

ఎదుటివాళ్ళు నొచ్చుకోకుండా మాట్లాడాలని దాన్ని తయారుచేసినవాళ్ళు నేర్పారట.

ఎంత బాగుంది ఆ మాట! ఆవిడ చెయ్యి దాని వైపు వెళ్ళింది కూడా.

"ఏది రాయమంటారు?" అన్నాడు కిరీటి.

"ఇంకా అడుగుతావేం? చెమటోడ్చి చెప్పిందే రాయి. విశాఖ."

అతను రాశాడు. బల్ల మీది బిళ్ళని చూస్తుంటే అప్పుడు తట్టింది నూకరత్నానికి. కూతురు, హిమజ తల్లి, చనిపోయిన ఏడాది, 'ఏడవకమ్మమ్మా, నేనున్నాగా' అన్న మాట. తను జ్వరంతో పడి ఉన్నప్పుడు, 'నువ్వు లేకపోతే నేనెలా బతకను' అన్న మాట. ఆ మాటలన్నీ పట్టుకునే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. అన్నిసార్లూ పిల్ల మెడలో బిళ్ళ ఉంది.

"ఒసే హిమా," అంది. "మీ అమ్మ పోయినప్పుడూ, నాకు జ్వరమొచ్చినప్పుడూ అన్న మాటలు ఎవరన్నారే? నువ్వా, ఈ బిళ్ళా?"

హిమజ పెదవులు కదలడం మొదలైంది. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంది.