పసుపు దాటని పట్టీ

"పచ్చబడిందా సహస్రమ్మగారూ?" ఎదురు మేడ మీద మొక్కలకు నీళ్లు పోస్తున్నావిడ కేకేసింది.

సహస్ర ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. మణికట్టు మీద అదనుపట్టీ పసుపురంగులో మెరుస్తోంది.

"ఇంకా పసుపేనా! రేపటికల్లా పచ్చబడుతుందిలెండి."

రాజమండ్రిలో పొద్దుటి పలకరింపులు ఇప్పుడు ఇలాగే ఉంటున్నాయి. కాఫీ అయిందా అని ఎవరూ అడగరు. కాఫీ సంగతి వంటమర చూసుకుంటుంది. దానికి చక్కెర ఎక్కువ వెయ్యమని చెబితే వెయ్యదు, అది వేరే గొడవ.

"పసుపొచ్చింది, కుంకుమెప్పుడో!" అన్నాడు లోపలినుంచి రిత్విక్. ఆ మాట ఇంట్లో అన్నాడు గానీ వీధి వీధంతా వింది. పేరు చూసి కుర్రాడనుకోకండి. ఆ తరం తాతలంతా రిత్విక్‌లూ ఆర్యన్‌లే. ఈయన గోదావరి నీటిబస్సుల రేవులో ప్రకటనలు చదివి చదివి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది, గొంతు వదల్లేదు.

"అబ్బ, నవ్వించకండి. కుట్లు లాగుతాయి."

"కుట్లకు నామీద ఏమిటే అంత కుట్ర? రైతులెక్కన చూడు. కోత అయిపోయింది, నూర్పిడి కోసం కూర్చున్నాం. కీమో ఎప్పుడయ్యా అని పట్టీని అడిగితే, ఏమో అంటోంది!"

సహస్ర గబుక్కున దిండు తీసుకుని పొట్టకు అదుముకుంది. ఆపరేషనయ్యాక దగ్గొచ్చినా నవ్వొచ్చినా అలా అదుముకోమని ఆస్పత్రిలో నేర్పారు. దగ్గు రాలేదు గానీ, ఈ మొగుడితో దిండుకి ఒక్క పూటా తీరిక లేదు. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. పట్టీ పసుపులోంచి నారింజలోకి ఎగబాకింది.

ఆవిడ పేగులో గడ్డ తీసేశారు. కంటికి కనిపించింది తీసేశారు. కనిపించకుండా ఎక్కడైనా నక్కి ఉంటే, దానికోసం కీమో. తొందరపడి ఎక్కిస్తే గాయం మానదు, మరీ ఆలస్యం చేస్తే నక్కినది మళ్లీ వేళ్లూనుతుంది. ఈ రెండిటికీ మధ్య అదను ఎక్కడుందో పూర్వం డాక్టర్లు అంచనా వేసేవారు, చుట్టాలు వాదించేవారు, ఎవరో ఒకరు పంచాంగం తీసేవారు. ఇప్పుడు వాదన లేదు. నెత్తురూ గాయమూ ఆకలీ నిద్రా గుండెదడా బెదురూ అన్నీ పట్టీయే చూసుకుంటుంది. నొప్పి కనిపిస్తే నారింజకెక్కుతుంది, అన్నీ కుదిరిన పూట ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆస్పత్రివాళ్ల నడకుర్చీ తనంతట తనే వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. పట్టీ మాటకు డాక్టర్లు కూడా ఎదురు చెప్పరు.

సహస్ర పట్టీ మాత్రం పసుపు దాటడం లేదు.

వారంవారం చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టర్ నాంచారమ్మ నుదురు ముడివేసింది. ఈవిడ పేరు చూసి ముసలావిడనుకునేరు. తాతమ్మల పేర్లు మళ్లీ ఫ్యాషనయ్యాక పుట్టిన పిల్ల. చదువంతా పట్టీతోనే సాగింది.

"తాతగారూ, ఒక్కసారి వరండాలోకి రండి."

వరండాలో, గాలిలో వెలిగే గాలిపలక మీద పట్టీ గీసిన గీతలు తెరిచి చూపించింది. "ఈ శిఖరాలు చూశారా? ఇవన్నీ మీరు మాట్లాడినప్పుడు లేచినవే. నవ్వితే కుట్లు లాగుతాయి, గుండె ఎగురుతుంది. పట్టీకి అదీ నొప్పిలాగే కనిపిస్తుంది. పచ్చబడేదాకా మీరు జోకులు మానెయ్యాలి."

"అంటే జబ్బు ఆవిడకి, పథ్యం నాకా!"

"అదిగో, అదే వద్దంటున్నాను. ఈ సంగతి ఆవిడకి చెప్పకండి. తెలిస్తే మిమ్మల్ని చూసినప్పుడల్లా తలుచుకుని నవ్వుతారు. అదను దాటిపోకూడదు తాతగారూ, ఇప్పటికే ఆలస్యమవుతోంది."

రిత్విక్ నాలుక చివరి దాకా వచ్చినదాన్ని మింగేశాడు. బతుకులో మొదటిసారి.

చిక్కేమిటంటే, ఆయనకు జోకుల్లేకుండా మాట్లాడటం రాదు. ఎటునుంచి మొదలెట్టినా మాట మాటకి తగిలి ఠంగుమంటుంది. అందుకని మాటే మానేశాడు. ఆవిడ పప్పులో ఉప్పు లేదంటే తలూపాడు. వంటమర దోసెను అట్లకాడకి అంటించి చప్పుడు చేస్తుంటే, మామూలుగానైతే దాని అట్టహాసం మీద అరగంట మాట్లాడేవాడు, ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

"ఒంట్లో బాగాలేదా?" అంది సహస్ర.

"బాగానే ఉంది."

"డాక్టరేమంది వరండాలో?"

"ఏంలేదు."

ఆ 'ఏంలేదు' ఆవిడ ఇంతకుముందే విని ఉంది. వాళ్ల అమ్మకు జబ్బు చేసినప్పుడు డాక్టరు నాన్నను వరండాలోకి పిలిచాడు. నాన్న లోపలికొచ్చి ఏంలేదన్నాడు. ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మకు తప్ప. అమ్మకు చెప్పనని ఒట్టు వేసినవాళ్లలో సహస్ర కూడా ఉంది. మన ఇళ్లల్లో పెద్ద జబ్బు కబురు రోగి మంచం దాకా రాదు. వరండాలోనే ఆగిపోతుంది.

ఆ రోజునుంచి సహస్రకు నిద్ర తగ్గింది. ముద్ద గొంతు దిగడం మానేసింది. ఒక మధ్యాహ్నం బీరువా తెరిచి చీరలన్నీ మంచం మీద పరిచింది. వెంకటగిరి చీర చెల్లెలికి, ఉప్పాడ జరీది కోడలికి, మంగళగిరి నేతచీర ఎదురింటావిడకి అంటూ విడివిడిగా దొంతులు పెట్టుకుంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న రిత్విక్ ఏమిటని అడగలేదు. అడిగితే ఏదో ఒకటి నోరు జారుతుందని భయం. ఆయన అడక్కపోవడం చూసి ఆవిడ అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

నవ్వు లేదు, శిఖరాల్లేవు. అయినా పట్టీ పసుపుగానే ఉంది. బెదురును అది చక్కగా కొలుస్తోంది. ఎందుకు బెదురమ్మా అని అడగడం దాని పని కాదు.

తర్వాతిసారి వెళ్లేసరికి నాంచారమ్మ గాలిపలకనే చూస్తూ కూర్చుంది. గాలిపలక "ఆగుము" అంటోంది. ఇక ఆగితే కీమో చెయ్యవలసిన పని సగమే చేస్తుందని ఆవిడకు తెలుసు. పట్టీ కాదంటుండగా మొదలుపెట్టడం ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

చివరికి గాలిపలకను పక్కకు తోసి సహస్రను పడుకోబెట్టి, గాయం మీద వేళ్లతో మెల్లగా నొక్కింది. నాలుక చూసింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, గట్టిగా మానింది. అప్పుడు కొత్త పెళ్లికూతురిలా ఇబ్బందిపడుతూ అడిగింది:

"నిద్రెందుకు పట్టడం లేదమ్మా?"

రిత్విక్ పక్క కుర్చీలో ఉండగానే సహస్ర పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. "ఈయన మాట్లాడటం లేదు. నాకర్థమైందిలే తల్లీ. జబ్బు పాకింది. మీరు వరండాలో ఈయనకు చెప్పారు. నేను ఏడుస్తానని మీ భయం. నేనేం ఏడవను. చీరలు కూడా సర్దేసుకున్నాను."

నాంచారమ్మ చేతిలోంచి గాజుగుడ్డ జారిపోయింది.

"అయ్యో అమ్మా! ఏమీ పాకలేదు. కాయితం మీద మీ నెత్తురు నాదానికంటే బాగుంది. దాచిందల్లా ఒక్కటే. జోకులు మానమని తాతగారికి నేనే చెప్పాను. మీరు నవ్వితే పట్టీ నొప్పనుకుంటోందని."

సహస్ర లేచి కూర్చుంది.

"జోకులా? నేనక్కడ ఉప్పాడ చీర ఎవరికివ్వాలా అని కుమిలిపోతుంటే, మీరిద్దరూ దాచింది ఈయన జోకులనా? అవి దాచడానికి మీకో వరండా కావాల్సొచ్చిందా!" అని కోప్పడబోయి, మధ్యలో నవ్వొచ్చి, మళ్లీ కోప్పడి, రెండూ కలిసి ఎక్కిళ్లు పెట్టింది. పట్టీ పసుపులోంచి నారింజలోకి పోయింది. దాన్ని ఎవరూ చూడలేదు.

"గాయం మానింది" అంది నాంచారమ్మ. "పట్టీ వద్దంటోంది. నేను మాత్రం మొదలుపెడదామంటున్నాను. మీరేమంటారు?"

ఆ ప్రశ్న ఆవిడ ఇంతవరకూ ఏ రోగినీ అడగలేదు.

సహస్ర ఆలోచించింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"గురువారం మొదలుపెట్టండి. కానీ ఒక షరతు. ఇకమీదట మంచైనా చెడైనా వరండా కబుర్లు వద్దు. ముందు నాకు చెప్పండి. ఈయనకు నేను చెప్పుకుంటాను."

"అలాగేనమ్మా."

డాక్టరు మందు పురమాయించడానికి వెళ్లింది. గదిలో ఇద్దరే మిగిలారు. ఇప్పుడు నోటికి తాళం తీశారు కదా, ఈయన మొదలెడతాడని సహస్ర కాచుక్కూచుంది. రిత్విక్ మొదలెట్టలేదు. కుర్చీ అంచున కూర్చుని, అరచేతులు మోకాళ్లకు రాసుకుంటున్నాడు.

"ఏమండీ?"

"అయితే..." అన్నాడాయన, చాలా చిన్నగా. "నిజంగానే ఏమీ లేదా? నన్ను నోరు మూసుకోమనగానే, అసలు సంగతి నాక్కూడా చెప్పకుండా దాస్తున్నారనుకున్నానే. ఇన్నాళ్లూ నేనూ నీలాగే..."

సహస్ర మంచం మీద జరిగి, ఆయన కుర్చీని చేత్తో పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఏమీ లేదండీ. నాకు చెప్పారు. ఇప్పుడు నేను మీకు చెబుతున్నాను."