పేరు చెప్పని ప్రార్థన

శనివారం పొద్దున్నే ప్రార్థనమ్మ ఒక బడిపిల్లాడి చొక్కాకు కాలరు తిరగేసి కుట్టేసింది. నాలుక్కరుచుకుని, కుట్లు విప్పి మళ్ళీ కుడితే మళ్ళీ అలాగే వచ్చింది. మిషన్ ముందు కూర్చుందన్న మాటే గానీ ఆవిడ ప్రాణమంతా వంటగదిలో గిన్నెలు తోముతున్న కోడలి మీదే ఉంది. సోమవారం ఎప్పుడొస్తుందా అని ఒకసారి, అసలు రాకపోతే బాగుండునని ఇంకోసారి అనిపిస్తోంది.

ప్రార్థనమ్మ అన్నది చర్చి సంఘంలో వాళ్ళు పెట్టిన పేరు. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి పిల్లకు పరీక్షలున్నా ముందుగా వాలిపోయేది ఆవిడే. కళ్ళు మూసుకుని మొదలుపెట్టిందంటే, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాళ్ళు వాటి మీద ఆశ వదులుకోవాల్సిందే. అయినా ఆవిడ వచ్చి వెళితే ఇంట్లోకి ధైర్యం వస్తుందని అందరూ ఒప్పుకునేవారు.

మందుల షాపులో పనిచేసే కోడలు, కిందటి వారం తన రొమ్ములో గడ్డ తగులుతోందని ఆవిడకొక్కదానికే చెప్పింది. ఆ పిల్ల తల్లి అదే జబ్బుతో పోయింది. బట్టలు కొనుక్కొస్తామని చెప్పి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, ఫలితానికి సోమవారం రమ్మంది. "ఆయనకు అప్పుడే చెప్పొద్దత్తయ్యా. బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని తిరిగే మనిషి. సంగతి తేలాక నేనే చెప్తాను" అని కోడలు చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. ప్రాణం పోయినా చెప్పనని అత్తగారు మాటిచ్చింది.

వీధి తలుపు దడాలున తెరుచుకుంది. డ్యూటీకి వెళ్ళిన కొడుకు యూనిఫారంతోనే తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు ఒంట్లో ఏమైంది?"

కోడలి చేతిలోని గిన్నె జారి సింకులో పడింది. "ఎవరు చెప్పారు?"

"డిపోలో మా కండక్టరు. నా భుజం తట్టి, 'మీ ఆవిడకేం కాదులే, మా ఆవిడ ఉపవాసం ఉంటోంది' అన్నాడు. నేనేమో వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను. నా పెళ్ళానికి బాగాలేదని అందరికీ తెలుసు, నాకు తప్ప!"

కోడలు భర్తను దాటుకుని, తడి చేతులతోనే హాల్లోకి వచ్చి అత్తగారి ముందు నిలబడింది. ప్రార్థనమ్మ మిషన్ ముందు నుంచి లేచింది.

"నేను నీ పేరు చెప్పలేదు తల్లీ! నిన్న ఆడవాళ్ళ కూడికలో మనసాగక, 'మా ఇంట్లో ఒక సహోదరికి రొమ్ములో గడ్డ ఉంది, ప్రార్థించండి' అన్నానంతే. నీ పేరు నా నోట రాలేదు."

"మనింట్లో ఆడవాళ్ళెంతమందత్తయ్యా? మీరూ, నేనూ. మీరేమో మైకు పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. ఇక ఎవరనుకుంటారు?"

ఇంకో సందర్భమైతే కొడుకు పగలబడి నవ్వేవాడే. ఇప్పుడు తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"మనుషులకు చెప్పలేదమ్మా, దేవుడికి చెప్పుకున్నాను" అంది ప్రార్థనమ్మ.

"దేవుడికి చెప్పుకోడానికి మైకెందుకు?"

ఆ వెంటనే కోడలే అంది: "మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు చూడ్డానికొచ్చినవాళ్ళంతా గుమ్మంలోనే 'అయ్యో' అనేవాళ్ళు. బతికుండగానే పోయినట్టు చూసేవాళ్ళు. ఆ చూపులు నా మీద పడకూడదనుకున్నాను. చెప్పుకోడానికి అమ్మ లేదు కాబట్టి మీకు చెప్పాను. సోమవారం మీరేం రానక్కర్లేదు. నేనొక్కదాన్నే వెళ్తాను."

"నేనూ వద్దా?" అన్నాడు కొడుకు.

"వద్దు. మీ మొహం చూస్తే నాకు ఏడుపొస్తుంది" అని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆ రోజంతా ఇంట్లో ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిచింది. కొడుకు గది తలుపు దాకా వెళ్ళడం, తట్టబోయి వెనక్కి రావడం. ఫోను మోగుతూనే ఉంది. మధ్యాహ్నం సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు పళ్ళ సంచితో దిగారు. లోపలికొచ్చి ఒక్క మాట ప్రార్థించి వెళ్తామన్నారు. పడుకుందని చెప్పి ప్రార్థనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మాటలు ఆవిడతో ఆడుతూనే వాళ్ళు మెడ చాచి ఆవిడ భుజం మీదుగా లోపలికి చూస్తున్నారు. చెడ్డవాళ్ళు కారు పాపం, ప్రేమతోనే వచ్చారు. తనూ ఎన్ని ఇళ్ళ గుమ్మాల్లో ఇలాగే మెడ చాచిందో గుర్తొచ్చి ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఆదివారం ఆరాధనలో, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉంది. కోడలు రానంది, ఆమెను వదిలి రానని కొడుకూ ఉండిపోయాడు. ప్రార్థనమ్మ ఒక్కతే వెళ్ళి, ఎప్పటిలాగే బల్ల మీద తెల్లగుడ్డ పరిచి చిన్న గిన్నెలు సర్దింది. అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. దేవుడు చేసిన మేళ్ళు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచింది. మైకు చేతికొచ్చింది. వరసలన్నీ వెనక్కి తిరిగి జాలిగా చూశాయి.

అప్పుడు తెలిసింది ఆవిడకు, ఈ క్షమాపణ కూడా ఇంకో చాటింపేనని. ఏడ్చేది తను, ఓదార్పు అందేది తనకు. మళ్ళీ అందరి నోళ్ళలో నానేది కోడలు.

"ఏమీ లేదయ్యగారూ" అని పాస్టరుగారితో చెప్పి, మైకు పక్కావిడకిచ్చి కూర్చుంది.

బల్లకు ముందు పాస్టరుగారు ప్రతిసారీ చెప్పే మాటే చెప్పారు: ఎవరికైనా మీ వల్ల మనసు నొచ్చి ఉంటే ముందు వెళ్ళి సమాధానపడి రండి అని. ఆవిడ ఆ మాట ఎన్నిసార్లు విందో, విన్నప్పుడల్లా ఎదురు వరసల్లో ఎవరికెవరితో పడట్లేదో తలుచుకునేది. ఇవాళ ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. రొట్టె పళ్ళెం తన దాకా వచ్చింది. ముట్టుకోకుండా పక్కకు అందించి, చెప్పులు వెతుక్కుని బయటికి నడిచింది.

ఇంటికొచ్చేసరికి కోడలు మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కొడుకు ఎదురుగా కూర్చుని, మడతపెట్టినవాటినే మళ్ళీ మడతపెడుతున్నాడు.

"ఇంకా ఆరాధన అయ్యుండదే. బల్ల తీసుకోలేదా?" అంది కోడలు ఆశ్చర్యంగా.

"నీ మనసు కష్టపెట్టి ఎలా తీసుకోను?" ప్రార్థనమ్మ మంచం అంచున కూర్చుంది. "నన్ను క్షమించమ్మా. నీ కోసం ప్రార్థన అడిగానని చెప్పాను గానీ, అది నిజం కాదు. నాకు భయమేసింది. భయమని చెప్పుకోడానికి సిగ్గేసింది. ఇంతకాలం అందరికీ ధైర్యం చెప్పినదాన్ని కదా. ప్రార్థన విన్నపమని పేరు పెట్టి, నా భయాన్ని నలుగురికీ పంచేశాను."

"మీకెందుకు భయం?"

"నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నేనెవరితో పోట్లాడాలే?"

కోడలు నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఇన్ని రోజులూ డాక్టరు ముందు కూడా చెక్కుచెదరని పిల్ల, ఒడిలోని చొక్కాలో మొహం దాచుకుని భోరుమంది.

"నాకు చాలా భయంగా ఉందత్తయ్యా."

కొడుకు లేచి వచ్చి పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. "నాకూ భయమే. అయినా రేపు వస్తాను. ఏడుపొస్తే అక్కడే కూర్చుని ఏడుద్దాం. ముగ్గురం వెళ్దాం."

ఆమె వద్దనలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, అత్తగారి చెయ్యి తన ఒడిలోకి తీసుకుంది.

"ప్రార్థన చెయ్యండి. మనకు వినపడితే చాలు."

ప్రార్థనమ్మ కళ్ళు మూసుకుంది. ఎన్ని ఇళ్ళలోనో ధారగా వచ్చిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. కోడలి వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఒకే వంటగదిలో తిరిగినా ఆ చెయ్యి ఇంతసేపు పట్టుకున్నది ఇదే మొదటిసారి.

"ప్రభువా, ఈ పిల్ల నాది. నాకుంచు."

ఇంకేమైనా అంటుందేమోనని చూసి, కోడలే ఆమెన్ అంది.