గొంగడి కింద నీలి వెలుగు

సకల జనుల సమ్మెలో బడులు మూతపడ్డాయి. బస్సులు ఆగిపోయాయి. నర్సింహులపేట మాస్టరు మహిపాల్‌కు మాత్రం అందులోనూ ఒక అదృష్టం దొరికింది. పొద్దున దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. ఆ తర్వాత, డిగ్రీలో తనతో కలిసి చదివిన సోని కోసం తండాలన్నీ బైకు మీద తిరిగి, బోరు నీళ్లు సీసాల్లో నింపుకొచ్చేవాడు.

సోని పరిశోధన కాంతి మీద. నిమ్మరసం ఉడికించి, కంటికి ఆననంత సన్నని కార్బన్ చుక్కలు తయారు చేసింది. ఊదా టార్చి వేస్తే అవి నీలంగా వెలుగుతాయి. వాటిని కలిపిన నీళ్లలో ఇనుము ఎక్కువుంటే మసకబారతాయి. యూనివర్సిటీ ల్యాబుకు తాళం పడటంతో సరంజామా అంతా తండాలోని తన ఇంటికే తెచ్చుకుంది.

ఆ రోజు సీసాలతో వచ్చిన మహిపాల్ గుమ్మంలోనే ఆగిపోయాడు. నట్టింట్లో నల్ల గొంగడి. దాని కింద రెండు తలలు. ఒకటి కిలకిలా నవ్వుతోంది.

"లోపల ఎవలు సోమ్లమ్మా?"

"అఖిల్ అట సారూ. బిడ్డతోని చదువుతడు. చిట్యాలకెల్లి బండి మీద వచ్చిండు," అంటూ సోని తల్లి సోమ్లీ చల్ల గ్లాసు చేతికిచ్చింది. కడుపులో మంట కొంచెం తగ్గింది. కొంచెమే.

"ఇంకోసారి చూడు అఖిల్, మంచిగ చూడు," గొంగడిలోంచి సోని గొంతు.

మహిపాల్ గొంగడిని ఒక్క గుంజు గుంజాడు.

"ఏందిది!" సోని కసిరింది. "పెంకుల సందులకెల్లి ఎండ పడుతుందనే కప్పుకున్నం. చూసిందంత ఖరాబ్ చేసినవ్!"

"నీళ్లు మోసేటందుకు నేను, గొంగడి కిందికి గీ అఖిలా?"

అఖిల్ టార్చి ఆర్పి గోడకేసి చూశాడు.

"సీసాలు నింపినోడు వెలుగు చూడొద్దు," అంది సోని. "ఏది ఏ బోరుదో తెలిస్తే కన్ను మోసం చేస్తది."

"నేను మోసం చేస్తనా?"

"చేస్తవు. నా మొఖం చూసి, నాకేం కావాల్నో గదే కనబడ్డదంటవు. గీ పనికి నా మీద పానం పెట్టుకోనోడే కావాలె."

మహిపాల్ చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిన మాట ఆమెకు ఎప్పుడో తెలుసు!

"మరి... మిగతా పనులకు?"

పొయ్యి దగ్గర నుంచి సోమ్లీ లంబాడీలో ఏదో అడిగి నవ్వింది.

"ఏమంటున్నది?"

"అల్లునికి గూడ బియ్యం పొయ్యాల్నా... అంటున్నది," సోని తల దించుకుని చెప్పింది.

"అన్నా, ఉడుకకు సస్తున్న, జల్ది అయిపోనియ్యి," అన్నాడు అఖిల్. "జర గొంగడి కప్పు. మేం చూసుడు అయినంక మీరు మాట్లాడుకోండ్రి."

మహిపాల్ తన చేతులతోనే ఇద్దరికీ గొంగడి కప్పి పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి దాని అంచు కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి అతని చిటికెన వేలు పట్టుకుంది.

ఆ చేతికి గాజులున్నాయో లేదో చూసుకుని, అప్పుడు నవ్వాడు.