నోరు ఆడుతూనే ఉంది

కంపెనీ బస్సు వచ్చే వేళైంది. రాజశేఖర్ మాత్రం ఒక కాలికే బూటు తొడుక్కుని, ముందు గదిలో అద్దాల తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ తొట్టి ముందు కూర్చుంటే ఇల్లు అంటుకున్నా అతనికి పట్టదు.

"రేఖా, జెర ఇటు రా. ఈ చేప పొట్ట లోపలికి పోయినట్టు లేదా?"

"నా పొట్ట ఎప్పుడన్న చూసినవా? పోపు మాడుతున్నది, పిలవకు" అంది భార్య వంటింట్లోంచే.

సముద్రమెక్కడ, వాళ్లుండే భానూరెక్కడ! అయినా పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో పనిచేసే ఈ మనిషి ఉప్పునీళ్లు, ఊగే పగడాలు, తెల్లటి ఇసుకతో ఇంట్లోనే ఓ చిన్న సముద్రం పెట్టుకున్నాడు. ఇసుక మీద గోధుమరంగు పాచి పట్టడంతో, ఆ ఇసుకను జల్లించే చేప కోసం కొన్నాళ్ల కిందట భార్యనీ తల్లినీ వెంటేసుకుని, చేపలమ్మే కాషిఫ్ దుకాణానికి వెళ్లాడు.

కాషిఫ్ రెండు రకాలు చూపించాడు. ఒకటి చిన్నది, పసుపుపచ్చది. తన గుంత దగ్గరే కూర్చుని, వేసిన మేత తింటుంది, ఇసుక ఏదో కొంచెం కదుపుతుంది. రెండోది తెల్లటి ఒళ్లు, పసుపు తల, బుగ్గ మీద నీలిగీత. పొద్దస్తమానం నోటినిండా ఇసుక తీసుకుని మొప్పల్లోంచి వదులుతూ తిరుగుతుంది.

"కొత్త తొట్టి గదా సార్, చిన్నదే తీస్కోండి. పెద్దదానికి ఇసుకల పురుగులుండాలె, అవే దాని తిండి" అన్నాడు కాషిఫ్.

రాజశేఖర్ తల్లి నర్సింహమ్మ మాత్రం పెద్దదాని అద్దానికి వేలు ఆనించింది. "గిదే తీస్కో కొడకా. పని చేసుకుంట దాని తిండి అదే చూస్కుంటది. ఎవ్వల మీద పడదు."

తల్లి మాట కాదనలేక దాన్నే తెచ్చాడు. చేప వచ్చాక ఇసుక మల్లెపువ్వులా తెల్లబడింది. దాని నోరు ఆగిందే లేదు.

నర్సింహమ్మ నోరూ అంతే. ఆకు, వక్క, తంబాకు. దవడ ఆడుతూనే ఉంటుంది. ఈమధ్య మాత్రం పళ్లెం పట్టుకుని వెనక వాకిట్లోకి పోతోంది. లోపల ఉక్కపోస్తోందట! పళ్లెం ఖాళీగా తిరిగొచ్చేది కనుక రేఖ కూడా పట్టించుకోలేదు.

ఆ పొద్దున పోపు పని ముగించుకుని రేఖ బట్టలు ఆరేయడానికి వెనక్కి వెళ్లింది. ముసలావిడ గోడవారగా కూర్చుని, పళ్లెంలోని అన్నమూ టమాట పప్పూ ముద్దలు చేసి ఊరకుక్కకు పెడుతోంది. రేఖకు ఒళ్లు మండిపోయింది.

"ఏందత్తమ్మా ఇది? నా చేతి వంట కుక్కకు పెడుతున్నవా?"

"గట్ల కాదు బిడ్డా..."

"మరెట్ల? పొద్దుగాల లేచి చేసి పెడుతున్న. నచ్చకుంటే మొఖం మీదనే చెప్పు! వాడకట్టోళ్లు చూస్తే కోడలు కడుపు మాడ్చి సంపుతున్నదంటరు. నా ఇజ్జత్ తీస్తున్నవ్!"

నర్సింహమ్మ పళ్లెం కొంగు కింద దాచుకుంది. దవడ మాత్రం మెల్లగా ఆడుతోంది. అది చూసి రేఖ ఇంకా రెచ్చిపోయింది.

"ఆకు నమలనీకి నోరున్నది గని, నాకు జవాబు చెప్పనీకి లేదా?"

రాజశేఖర్ పరుగున వచ్చాడు. "అమ్మ మీద ఎందుకు ఒర్లుతున్నవ్?"

"నువ్వు పోయి నీ చేపతోనే మాట్లాడుకో!"

అతను నిజంగానే పోయాడు. ఇంట్లో గొడవైతే తొట్టి దగ్గర తలదాచుకోవడం అతనికి అలవాటే. ఫోన్ స్పీకర్లో పెట్టి కాషిఫ్‌ను అడిగాడు.

"భాయ్, రోజంతా నోరు ఆడిస్తనే ఉన్నది. మరి గిట్ల బక్కగ అయితున్నదేంది?"

"నోరు ఆడితే తిన్నట్టు కాదు సార్. మీ ఇసుకల పురుగులన్నీ ఎప్పుడో ఖతమైనయ్. ఉత్త ఇసుక నములుతున్నది పాపం. నోరు చూస్తే మోసపోతం, పొట్ట చూడాలె. ఇప్పుడు బతికేది కష్టమే."

తడి తువ్వాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రేఖ ఆ మాట విన్నది. గోడ పట్టుకుని లోపలికి వస్తున్న అత్త వైపు చూసింది. ఉగాదికి కుట్టించిన రవిక భుజాల మీంచి జారిపోతోంది. మెడ కింద ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. అయ్యో, ఇన్నాళ్లూ ఖాళీ పళ్లెం చూసింది గానీ మనిషిని చూసిందా!

"అత్తమ్మా, నోరు తెరువు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. రేఖ ఆవిడ గడ్డం పట్టుకుంది. నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. లోపల బుగ్గంతా తెల్లగా, పచ్చిపుండుగా ఉంది. రేఖ తువ్వాలు పక్కన పడేసి అత్త చెయ్యి పట్టుకుంది.

"ఎప్పటిసంది?"

"బోనాలప్పటిసంది. తంబాకు పెట్టుకుంటే జెర మొద్దుబారుతది. ఆకలి గూడ తెల్వది."

"మాకెందుకు చెప్పలే?"

"కొడుకు పరేషాన్ అయితడు. నువ్వా, అంత కష్టపడి వండుతవ్. తింటలేనంటే బాధపడవా? మీ మీద పడొద్దనుకున్న బిడ్డా."

బస్సు వెళ్లిపోయింది. ముగ్గురూ ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి పోయారు. నోరు పరీక్షించిన డాక్టరు, "క్యాన్సర్‌లా ఉంది, చాలా ఆలస్యం చేశారు" అని తల దించుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చేప తెల్లటి ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. నోరు ఆడటం లేదు. రాజశేఖర్ అద్దానికి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

"చేప బక్కచిక్కింది కనబడ్డది రేఖా. మా అమ్మ బక్కచిక్కింది కనబడలే."

రేఖ అతని భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత బియ్యప్పిండితో పల్చగా జావ కాచి, వడగట్టి, చల్లార్చి, చిన్న చెంచాతో అత్త పెదవుల మధ్య పోసింది. ముసలావిడ కళ్లు గట్టిగా మూసుకుంది. కళ్ల చివర్ల నుంచి నీళ్లు కారాయి.

"ఏమైందత్తమ్మా? కాలిందా?"

"లేదు బిడ్డా." కొంచెం ఆగి, పొద్దటి కేకలు గుర్తొచ్చాయేమో, బెదురుతూ అంది. "ఉప్పు ఎయ్యకు. మండుతది."

ఇన్ని నెలల్లో నర్సింహమ్మ తనకు కావలసింది నోరు విప్పి అడగడం అదే మొదటిసారి. రేఖ గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, ఉప్పు లేకుండా ఇంకో గిన్నె జావ పొయ్యి మీద పెట్టింది.